తొలి నల్ల ఎలుగుబంటి వేట: పెన్సిల్వేనియా కొండల నుంచి ఇగురు దాకా

నల్ల ఎలుగును వేటాడాలనుకుంటే ఆలోచన వంటింట్లోంచి మొదలుపెట్టండి. ఏ నెలలో అడవికి వెళ్లాలి, ఏ చెట్ల కింద వెతకాలి, ఎంత దూరం నుంచి కాల్చాలి, ఎక్కడ తగలాలి అన్న ప్రశ్నలన్నిటికీ మాంసం చెడకుండా ఇంటికి చేరాలన్న ఒక్క లెక్కే జవాబు చెబుతుంది. గోడకు తగిలించే తోలు కోసం వేటాడేవాళ్లు ఉన్నారు. ఈ వ్యాసం తినడం కోసం వేటాడేవాళ్లకు.

ముందు ఒక మాట. ఇది అమెరికాలో ఉంటున్నవారి కోసం రాసింది. నల్లమలలో, ఉద్దానం జీడితోటల్లో తిరిగే మన ఎలుగు వేరే జాతి. దాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపాడుతోంది. దాన్ని వేటాడటం జైలుకు పంపే నేరం. ఇక్కడి నల్ల ఎలుగు సంగతి వేరు. చాలా రాష్ట్రాల్లో వీటి సంఖ్య బాగానే ఉంది, ఎన్నిటిని ఎప్పుడు వేటాడవచ్చో ప్రభుత్వ జీవశాస్త్రవేత్తలు లెక్కగట్టి నిర్ణయిస్తారు. నేను పెన్సిల్వేనియాను ఉదాహరణగా తీసుకుంటున్నాను. న్యూజెర్సీ, న్యూయార్క్, వర్జీనియాల్లో ఉన్న తెలుగువాళ్లకు కూడా కారులో వెళ్లగలిగే దూరం.

కాగితాలు

మొదటిది వీసా సంగతి. మనవాళ్లలో చాలామందికి ఇది తెలియదు. ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్1బీ, ఎఫ్1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. ఈ నిషేధానికి ఉన్న కొద్ది మినహాయింపుల్లో ఒకటి, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు. కాబట్టి వరుస తప్పకూడదు. లైసెన్సు చేతికి రాకముందు స్నేహితుడి రైఫిల్ ఊరికే పట్టుకుని చూస్తానని కూడా అనకండి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ అడ్డు లేదు. అయినా రాష్ట్రాల చట్టాలు వేరు వేరుగా ఉంటాయి కాబట్టి, వీసా మీద ఉన్నవాళ్లు ఇమిగ్రేషన్ లాయరుతో ఒకసారి మాట్లాడాకే అడుగు ముందుకు వేయాలి. లాయరు ఫీజు గురించి ఆలోచించి వీసాను పణంగా పెట్టకండి.

రెండోది వేట శిక్షణ తరగతి. పెన్సిల్వేనియాలో మొదటిసారి లైసెన్సు తీసుకునేవాళ్లందరికీ ఇది తప్పనిసరి. తుపాకీ ఎలా మోయాలి, కంచె ఎలా దాటాలి, ఏది కాల్చకూడదు అన్నవి అందులో నేర్పుతారు. తర్వాత మామూలు వేట లైసెన్సు, దాని మీద ఎలుగుబంటికి విడిగా ఇంకో లైసెన్సు తీసుకోవాలి. ఇక్కడ ఎలుగుకు ఎర వేయడం, కుక్కలతో తరమడం రెండూ నిషేధం. ఎవరో పోసిన మొక్కజొన్నల పక్కన మీరు కాపు కాసినా తప్పు మీదే అవుతుంది. మెయిన్ (Maine) అనే రాష్ట్రంలో ఎర వేసి వేటాడటం చట్టబద్ధమే, అక్కడ దాన్ని ఆపాలని 2004లోనూ 2014లోనూ ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే రెండుసార్లూ ఆ ప్రతిపాదన ఓడిపోయింది. కొలరాడోలో మాత్రం 1992లో ఓటర్లే ఎరనూ కుక్కలనూ వసంత కాలపు వేటనూ ఆపేశారు. ఒక రాష్ట్రంలో చెల్లిన పద్ధతి పక్క రాష్ట్రంలో జరిమానా అవుతుంది. ప్రతి ఏడూ కొత్త నిబంధనల పుస్తకం చదవాల్సిందే.

పశ్చిమాన మోంటానా లాంటి చోటికి వెళ్లేవారికి ఇంకో పరీక్ష ఉంది. అక్కడ గ్రిజ్లీలనే ఇంకో రకం ఎలుగులు కూడా తిరుగుతాయి, వాటిని కాల్చడం పెద్ద నేరం. అందుకే నల్ల ఎలుగు లైసెన్సు కొనేముందు రెండింటినీ వేరుగా గుర్తుపట్టే పరీక్ష పాసవ్వాలి. రంగును నమ్మకండి. నల్ల ఎలుగులు గోధుమ రంగులోనూ దాల్చినచెక్క రంగులోనూ ఉంటాయి. గ్రిజ్లీకి భుజాల మీద మూపురం, నుదుటి దగ్గర లోపలికి వంగిన మొహం, పొడవాటి గోళ్లు ఉంటాయి. పెన్సిల్వేనియాలో గ్రిజ్లీలు లేవు, ఆ బెంగ అక్కర్లేదు.

ఎప్పుడు, ఎక్కడ

పెన్సిల్వేనియాలో అక్టోబరు నుంచి విల్లు వేట ఉంటుంది. అయితే తొలిసారి వెళ్లేవారికి నేను చెప్పేది నవంబరు రైఫిల్ సీజనే. అది థాంక్స్‌గివింగ్‌కు ముందు శనివారం మొదలవుతుంది. కారణం చలి. అక్టోబరులో మధ్యాహ్నం ఎండ కాస్తే ఎలుగు మాంసం గంటల్లో పాడవుతుంది. నవంబరు చివర్లో కొండల మీద ఉష్ణోగ్రత సాధారణంగా మనకు సాయపడుతుంది.

శరత్కాలంలో ఎలుగుకు తిండి తప్ప వేరే పని ఉండదు. శీతాకాలపు నిద్రకు కొవ్వు పట్టించుకోవడానికి రోజుకు 20,000 కెలోరీల దాకా తింటుంది. లైకమింగ్, క్లింటన్, టయోగా, పాటర్ కౌంటీల కొండల్లో ఆ తిండి అంటే ఓక్ కాయలు, బీచ్ గింజలు. ఓక్ కాయలు విరగకాసిన ఏడాది ఎలుగులు ఆలస్యంగా గుహల్లో పడుకుంటాయి, కాయ తప్పిన ఏడాది త్వరగా పడుకుంటాయి. కడుపుతో ఉన్న ఆడవి ముందు పడుకుంటాయి, పెద్ద మగవి చివరిదాకా తిరుగుతాయి. అందుకని సెప్టెంబరులోనే వారాంతాల్లో వెళ్లి చెట్ల కింద చూడండి. కాయలు రాలి ఉన్నాయా? బీచ్ చెట్ల నున్నటి బెరడు మీద కొత్త గోటి గీతలు ఉన్నాయా? బండలు తిరగేసి ఉన్నాయా? ఓక్ పొట్టుతో నిండిన పేడ కనబడితే అక్కడ ఎలుగు ఉన్నట్టే.

తిండిని చూసి వేటస్థలం ఎంచుకోమనడానికి ఇంకో కారణం రుచి. ఎలుగు కొవ్వులో అది తిన్న దాని వాసన ఉంటుంది. ఓక్ కాయలు, పండ్లు, మొక్కజొన్న తిన్నదాని మాంసం తియ్యగా ఉంటుంది. ఊళ్ల పక్క చెత్తకుండీల మీద బతికిందీ చచ్చిన చేపలు తిన్నదీ ఎంత మసాలా వేసినా నీచు వాసన పోదు. కాటేజీల దగ్గర సులువుగా దొరికే ఎలుగు కన్నా కొండ మీది ఎలుగు కోసం ఎక్కండి.

పగలు అవి కొండ పక్కల దట్టంగా అల్లుకున్న మౌంటెన్ లారెల్ పొదల్లో, నరికిన చోట మళ్లీ మొలిచిన చిట్టడవుల్లో పడుకుంటాయి. ఇక్కడి పాత వేటగాళ్లు గుంపుగా వెళ్లి కొందరు పొదల్లోంచి తోలుతుంటే మిగతావాళ్లు అవతల కాపు కాస్తారు. మీకు అలాంటి గుంపులో చోటు దొరికితే అదే మంచి బడి. ఒంటరిగా వెళ్తే తిండికీ పడకకూ మధ్య ఉన్న దారిలో, గాలి మీ నుంచి వాటి వైపు వీచని చోట కూర్చోండి. ఎలుగు చూపు కన్నా ముక్కు చాలా పదును. మీరు దాన్ని చూసేలోపు అది మిమ్మల్ని వాసన పట్టి పక్కకు తప్పుకుంటుంది.

తలమీదా ఛాతీ మీదా వీపు మీదా కలిపి 250 చదరపు అంగుళాల మెరుపు నారింజ రంగు కనబడాలని చట్టం. అడవిలో ఎలుగు కన్నా ఇతర వేటగాళ్ల తూటాతోనే ఎక్కువ ప్రమాదం, దీన్ని లాంఛనంగా తీసుకోవద్దు.

రైఫిల్, గురి

.30-06, .308, .270 కాలిబర్లలో (తూటా సైజుల్లో) మామూలు బోల్ట్ యాక్షన్ రైఫిల్, అంటే ప్రతి కాల్పుకూ చేత్తో తూటా ఎక్కించేది, చాలు. పెద్ద జంతువుల వేటకు పెన్సిల్వేనియాలో సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు పనికిరావు. తూటా కొవ్వును దాటి లోపలికి వెళ్లాలి కాబట్టి గట్టిగా కట్టిన బరువైన తూటా కొనండి. లారెల్ పొదల్లో కాల్పులు సాధారణంగా 50 గజాల లోపే జరుగుతాయి. అయినా షూటింగ్ రేంజికి వెళ్లి 100 గజాల దూరంలో పళ్లెమంత గుండ్రంలో ప్రతిసారీ తగిలేదాకా సాధన చేయండి. బల్ల మీద ఆనించే కాదు, కూర్చుని, మోకాలి మీద, చెట్టుకు ఆనుకుని కాల్చడం కూడా.

ఎలుగు కనబడగానే తొందరపడకండి. దాని వెనక పిల్లలు ఉన్నాయేమో ముందు చూడండి. చాలా రాష్ట్రాల్లో పిల్లల తల్లిని కాల్చడం చట్టవిరుద్ధం. చట్టం ఊరుకున్న చోట కూడా తల్లిని కాల్చవద్దనే నేను అంటాను. పిల్ల ఎలుగులు తల్లి వెనక కొంత దూరంలో వస్తాయి, ఒక నిమిషం ఆగితే బయటపడతాయి. దాని సైజును చెవుల బట్టి అంచనా వేయవచ్చు. తల మీద చెవులు పెద్దగా, నిటారుగా, దగ్గరగా కనబడితే చిన్నది. చెవులు చిన్నవిగా పక్కలకు జరిగినట్టు కనబడితే పెద్దది.

ఇప్పుడు అసలు సంగతి. ఎలుగు పూర్తిగా పక్కకు తిరిగి ఉన్నప్పుడో, కొంచెం అవతలికి మళ్లి ఉన్నప్పుడో మాత్రమే కాల్చండి. ముందు కాలు ముందుకు వేసిన క్షణం చూసి, ఆ కాలి వెనక మడతకు దగ్గరగా, శరీరం ఎత్తులో మధ్యన గురి పెట్టండి. ఒక మోసం గుర్తుంచుకోండి. కడుపు కింద వేలాడే జుట్టు వల్ల శరీరం ఉన్నదాని కన్నా కిందికి ఉన్నట్టు కనబడుతుంది. జుట్టు అంచును బట్టి లెక్కేస్తే తూటా కిందికి పోతుంది. తలకు వద్దు, ఎదురుగా నిలబడ్డప్పుడు వద్దు, వెనక నుంచి అసలే వద్దు. వెనక నుంచి పోయిన తూటా పేగులను చీల్చి లోపలి మాంసమంతా పాడు చేస్తుంది, జంతువు కూడా చాలాసేపు బాధపడుతుంది. ఊపిరితిత్తులకు తగిలితే సాధారణంగా 100 గజాల లోపే పడిపోతుంది. అనుమానం ఉన్న కాల్పును వదిలేయడం నేర్చుకోండి. ఏమీ లేకుండా ఇంటికి వచ్చిన రోజుల్లోనే ఎలుగు నడకను బాగా అర్థం చేసుకుంటారు.

కాల్చాక అది నిలబడ్డ చోటును, చివరిసారి కనబడ్డ చెట్టును కళ్లతో గుర్తు పెట్టుకోండి. కళ్ల ముందు పడిపోకపోతే అరగంట ఆగండి. ఎలుగు కొవ్వు గాయాన్ని మూసేస్తుంది, దట్టమైన జుట్టు నెత్తుటిని పీల్చేస్తుంది. నేల మీద చుక్క లేదంటే తగల్లేదని కాదు. గీరిన ఆకులు, విరిగిన కొమ్మలు, ఆకుల అడుగున మరకలు వెతుకుతూ మెల్లగా వెళ్లండి. చీకటి పడితే ఒంటరిగా పొదల్లోకి దూరవద్దు, ఒకరిని తోడు తెచ్చుకోండి. దగ్గరికి వెళ్లేటప్పుడు తల వెనక వైపు నుంచి, రైఫిల్ సిద్ధంగా ఉంచుకుని వెళ్లి, పొడవాటి కర్రతో కన్ను తాకి చూడండి.

పొట్ట తీయడం, చల్లార్చడం

ముందు లైసెన్సుతో వచ్చిన ట్యాగు (జంతువుకు కట్టే చీటీ) పూర్తిగా నింపి కట్టండి, చోటు నుంచి కదపకముందే. తర్వాత చేతి తొడుగులు వేసుకుని పని మొదలుపెట్టండి. దాన్ని వెల్లకిలా తిప్పి, ఛాతీ ఎముక కింద నుంచి తొడల మధ్య దాకా తోలూ కొవ్వూ మాత్రమే తెగేలా కోయండి. కత్తి మొన పైకి, రెండు వేళ్లు అడ్డుగా పెట్టుకుంటే పేగుకు గుచ్చుకోదు. మూత్రాశయం, పేగులు, ఊపిరితిత్తులు, గొంతు గొట్టం మొత్తం తీసేయండి. పిత్తాశయం చిట్లకుండా చూసుకోండి. దాన్ని అమ్ముతారా అని ఎవరైనా అడిగితే వెంటనే వద్దనండి. ఎలుగు పిత్తాన్ని అమ్మడం చాలా రాష్ట్రాల్లో నేరం. ఇండియాకు తోలు, గోళ్లు పట్టుకెళ్లాలని కూడా అనుకోకండి. అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం కింద నల్ల ఎలుగుకు అనుమతి పత్రాలు ఉండాలి.

లోపల నీళ్లు పోసి కడగకండి, తడి మాంసం త్వరగా చెడుతుంది. పొడి గుడ్డతో తుడవండి. పేగు చినిగి మలం తగిలిన చోట మాత్రం కోసి పారేయండి.

ఎలుగు మాంసానికి శత్రువు దాని సొంత కొవ్వూ జుట్టూ. దుప్పి చలిలో ఊరికే పడుకోబెట్టినా చల్లారుతుంది, ఎలుగు మాత్రం దుప్పటి కప్పుకున్నట్టు వేడిని పట్టి ఉంచుకుంటుంది. బయట మంచు పడుతున్నా తొడ ఎముక దగ్గర మాంసం వేడిగానే ఉంటుంది. పొట్టను కర్ర అడ్డం పెట్టి తెరిచి ఉంచండి, ఐసు బస్తాలు లోపల నింపండి. అందుకే కారులో ఐసు ముందే ఉండాలి. నూటయాభై, రెండొందల పౌండ్ల జంతువును కొండ దింపడం ఒక్కరి వల్ల కాదు. ప్లాస్టిక్ స్లెడ్డు, తాడు, ఇద్దరు స్నేహితులు కావాలి. తల ముందు పెట్టి లాగితే జుట్టు వాలుగా ఉండి తేలిగ్గా జారుతుంది.

పెన్సిల్వేనియాలో వేటాడిన ఎలుగును 24 గంటల్లో చెక్ స్టేషన్‌కు, అంటే దాన్ని నమోదు చేసే చోటికి తీసుకెళ్లాలి. అక్కడ తూకం వేసి, వయసు తెలుసుకోవడానికి ఎలుగు నోట్లోంచి ఒక చిన్న పన్ను తీసుకుంటారు. ఎలుగుల లెక్కలు తేల్చేది ఆ సమాచారంతోనే. ఆ 24 గంటలూ వాడుకోవాలని చూడకుండా అదే రోజు వెళ్లండి. తర్వాత వెంటనే తోలు ఒలిచి, జబ్బలు, తొడలు, నడుము మాంసం విడదీసి 4 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువలో పెట్టాలి. ఇంట్లో చోటు లేకపోతే మాంసం కోసే షాపుకు సీజనుకు ముందే ఫోను చేసి ఎలుగును తీసుకుంటారో లేదో అడగండి. కొందరు దుప్పి తప్ప వేరేది తీసుకోరు.

పురుగు

ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి. ఎలుగు కండరాల్లో ట్రైకినెల్లా అనే పురుగు చిన్న తిత్తుల్లో చుట్టుకుని ఉండవచ్చు. కంటికి కనబడదు. పంది మాంసంలో ఈ పురుగు గడ్డకట్టిస్తే చస్తుందని పాత పుస్తకాల్లో ఉంటుంది. ఎలుగుల్లో, ముఖ్యంగా ఉత్తరాది ఎలుగుల్లో కనబడే జాతులు గడ్డకట్టినా చావవు. 2022లో కెనడాలోని సస్కాచెవాన్‌లో వేటాడిన ఎలుగు మాంసాన్ని ఒక కుటుంబం 45 రోజులు ఫ్రీజరులో పెట్టాక సౌత్ డకోటాలో అందరూ కలిసినప్పుడు కాల్చుకుని తిన్నారు. మాంసం సహజంగానే ముదురు రంగులో ఉండటంతో లోపల పచ్చిగా ఉందని మొదట గుర్తించలేదు. ఆరుగురికి జబ్బు చేసింది. అందులో ఇద్దరు మాంసం తినలేదు, దానితో కలిపి వండిన కూరగాయలు మాత్రమే తిన్నారు.

ఈ చివరి వాక్యం మన ఇళ్లకు చాలా ముఖ్యం. ఒకే పెనం మీద ఒక పక్క మాంసం, ఒక పక్క శాకాహారుల కోసం బంగాళదుంపలు వేయించే అలవాటు మనకుంది. ఎలుగు విషయంలో అది కుదరదు. కత్తి, చెక్క, గిన్నె, గరిటె వేరుగా పెట్టండి, అన్నీ వేడి నీళ్లతో సబ్బుతో కడగండి.

నియమం ఒక్కటే. మాంసం లోపలి ఉష్ణోగ్రత 165 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 74 డిగ్రీల సెల్సియస్ చేరాలి. మాంసంలో గుచ్చే థర్మామీటరు కొనండి. రంగు చూసి, వేలితో నొక్కి చెప్పవద్దు. ఎండబెట్టడం, పొగబెట్టడం, ఉప్పు పట్టించడం, మైక్రోవేవ్ వీటిలో దేన్నీ నమ్మకూడదు. అంటే మనం ఇష్టంగా చేసుకునే ఎండు తునకలు ఎలుగుతో చేయకండి. ఉడకకుండా ఎండిన ముక్కలో పురుగు బతికే ఉంటుంది.

వంట

ఈ నియమం మన వంటకు అడ్డు కాదు. ఇక్కడివాళ్లు స్టేకు గులాబీ రంగులో తినాలని చూస్తారు కాబట్టి వాళ్లకు ఎలుగు ఇబ్బంది. మనకు కుక్కరు ఉంది. ఒత్తిడిలో నీటి ఆవిరి 120 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు చేరుతుంది, ముదురు మాంసం మెత్తబడుతుంది.

వండేముందు కొవ్వంతా తీసేయండి. కూరలో ఎలుగు కొవ్వు ఉంటే నాలుకకు జిడ్డు అంటుకుంటుంది, ఫ్రీజరులో కూడా అదే ముందు ముక్కిపోతుంది. తెల్లటి పొరలు కూడా తీసి, జబ్బ మాంసం కిలో అంగుళం ముక్కలుగా కోయండి. పెరుగు అర కప్పు, పసుపు, ఉప్పు, రెండు చెంచాల అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి.

మర్నాడు కుక్కరులో కొంచెం నూనె వేసి, తరిగిన ఉల్లిపాయల్లో సగం వేయించి, మాంసం, మూడు చెంచాల కారం, ఒక గ్లాసు నీళ్లు వేసి మూత పెట్టండి. మొదటి కూత రాగానే మంట తగ్గించి 35 నిమిషాలు ఉంచండి. పెద్ద మగదైతే 45. ఆవిరి దానంతట అది పోయాక మూత తీసి, అన్నిటికన్నా లావుపాటి ముక్కలో థర్మామీటరు గుచ్చి చూడండి. కుక్కరు మీద ఎంత నమ్మకం ఉన్నా ఈ అలవాటు వదలకండి.

ఇప్పుడు వెడల్పాటి బాండీలో నాలుగు చెంచాల నూనె కాచి, మిగతా ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, కరివేపాకు, పచ్చిమిర్చి వేయండి. ఉడికిన మాంసం నీళ్లతో సహా పోసి పెద్ద మంట మీద ఇగర్చండి. ధనియాలు, లవంగాలు, దాల్చినచెక్క, యాలకులు, గసగసాలు, ఎండుకొబ్బరి వేయించి నూరిన పొడి చివర్లో వేయాలి. నూనె పైకి తేలి, ముక్కకు మసాలా పట్టుకునేదాకా కలపండి. ఎలుగు మాంసం పొట్టేలు కన్నా కొంచెం తియ్యగా, గొడ్డుమాంసం కన్నా ముతకగా ఉంటుంది. ఆ తీపిని పులుపు బాగా అదుపు చేస్తుంది. అందుకే గోంగూర దీనికి చక్కగా కుదురుతుంది. ఇండియన్ స్టోర్‌లో దొరికిన కట్టను విడిగా ఉడికించి మెదిపి, చివరి పది నిమిషాల్లో కలపండి. రాగి సంగటిలోకి గానీ జొన్నరొట్టెలోకి గానీ వడ్డించండి.

మాంసం పచ్చడి పెట్టాలనుకుంటే ముందు కుక్కరులో పూర్తిగా ఉడికించి, థర్మామీటరు చూసి, నీరు ఇగిరాకే నూనెలో వేయించాలి. పచ్చి ముక్కలను నేరుగా నూనెలో వేస్తే పైన కరకరలాడి లోపల ఉడకకపోవచ్చు. అమ్మమ్మల లెక్కలో బయట నెలలు నిలవ ఉంచకండి, ఫ్రిజ్‌లో పెట్టి వారం రెండు వారాల్లో తినేయండి.

తీసేసిన కొవ్వును పారేయక్కర్లేదు. చిన్న ముక్కలుగా కోసి, అర గ్లాసు నీళ్లతో మందపాటి గిన్నెలో సన్న మంట మీద రెండు మూడు గంటలు కాచండి. ముక్కలు గోధుమ రంగుకు వచ్చి అడుగుకు దిగాక గుడ్డలో వడగట్టి సీసాలో పోస్తే, చల్లారాక తెల్లటి మెత్తటి నెయ్యి అవుతుంది. ఓక్ కాయలు తిన్న ఎలుగైతే వాసనే ఉండదు. పరాటాలు కాల్చుకోవడానికి, తాలింపుకు బాగుంటుంది. ఫ్రిజ్‌లో ఉంచండి.

ఇంటికి పిలిచినవాళ్లకు అది ఎలుగు మాంసమని వడ్డించకముందే చెప్పండి. తినకపోవడానికి ఎవరి కారణాలు వాళ్లకుంటాయి. తిన్నాక కొద్ది రోజులకో వారాలకో కడుపు పాడవడం, జ్వరం, కండరాల నొప్పులు, కళ్ల చుట్టూ వాపు కనబడితే మామూలు ఫ్లూ అనుకుని ఊరుకోవద్దు. డాక్టరు దగ్గరికి వెళ్లి మొదటి మాటగా ఎలుగు మాంసం తిన్నానని చెప్పండి. ట్రైకినెల్లాకు మందులు ఉన్నాయి, త్వరగా మొదలుపెడితే బాగా పనిచేస్తాయి. ఆ ప్యాకెట్ మాంసం ఫ్రీజరులో ఇంకా మిగిలి ఉంటే పారేయకుండా అలాగే ఉంచండి, ఆరోగ్యశాఖవాళ్లు పరీక్షకు అడుగుతారు.